దేహము నేర్చుకొన్న నొప్పి

ఇరువదవ శతాబ్దపు తొలి దినములలో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున ఇవాన్ పావ్లోవ్ నడపిన ప్రయోగశాల పేరు చెప్పినంతనే, గంట మ్రోగగా నోరూరిన కుక్క మన చదువరులకు జ్ఞప్తికి వచ్చును. ఆ ప్రయోగశాలలోనే మరియా ఎరోఫేయెవా అను పరిశోధకురాలు కావించిన వేరొక పరీక్షకు అంతటి ప్రచారము లభింపలేదు గాని, ప్రాణి నొప్పిని ఎట్లు అనుభవించుచున్నదను ప్రశ్నకు సంబంధించినంతవరకు, గంటకథకంటె ఇదియే లోతైనదని నా విశ్వాసము. ఆమె కుక్క చర్మముపై ఒకానొక చోట బలమైన విద్యుత్తును ప్రసరింపజేసి, ఆ వెంటనే దానికి ఆహారము పెట్టుచు వచ్చెను. పలుమారులిట్లు జరిగిన పిమ్మట, మామూలుగా ఏ కుక్కనైనను అరపించి, పెనుగులాడించి, కరవబోవునట్లు చేయవలసిన ఆ విద్యుత్తే ఆ కుక్కకు భోజనసూచన కాగా, అది ఆహారము వచ్చు దిక్కునకు తల త్రిప్పి, పెదవులు నాకుకొనుచు, లాలాజలమును స్రవింపజేయసాగెను. తీవ్రమైన బాధకు లోనైన ప్రాణియందు నాడియు శ్వాసయు గతి తప్పుట సహజము. ఆ కుక్కలయందు అట్టి మార్పు సయితము కానరాలేదని పావ్లోవ్ తన ఉపన్యాసములలో వివరించెను. అయితే ఆ విద్యుత్తును చర్మముపై క్రొత్త క్రొత్త తావులకు మార్చుచు పోగా, ఒక దశలో నేర్చినదంతయు ఒక్కసారిగ చెదరిపోయి, ఉగ్రమైన ఆత్మరక్షణప్రతిక్రియ మరల పొంగివచ్చెను. అనగా, నేర్చుకొన్న శాంతికి ఒక హద్దు కూడ కలదు.

ఆ కుక్కకు నొప్పి నిజముగనే తగ్గెనా, లేక నొప్పి యట్లే యుండగా ఆకలి దానిని కప్పివేసెనా? కుక్క చెప్పజాలదు, చూచువాడు నిర్ణయింపజాలడు. ఈ సందేహమును తీర్చుటకు మాటలాడగల ప్రాణియే కావలెను. కాని మాటలాడగల ప్రాణితో వేరొక చిక్కు వచ్చిపడును. మనుష్యుడు తాను నేర్చిన సంగతిని తెలిసికొనును, దానిని బట్టి ముందు జరుగబోవుదానిని ఊహించును, ఊహించినదానిని బట్టి తన అనుభవమును దిద్దుకొనును. అప్పుడు నొప్పిని మార్చినది దేహము నేర్చిన విద్యయా, మనస్సు చేసిన ఊహయా అను వివాదము తలయెత్తును. గడచిన నాలుగు దశాబ్దములలో నొప్పిని గూర్చి జరిగిన పరిశోధనలో అత్యంత రమ్యమైన భాగమంతయు ఈ వివాదము చుట్టునే తిరిగినదని చెప్పవచ్చును.

ముందుగా ఒక భేదమును గ్రహింపవలెను. చర్మమునకు గాని కండరమునకు గాని హాని కలిగినప్పుడు అచ్చటి సన్నని నరపు కొసలు ఆ వార్తను వెన్నుపామునకును, అచ్చటినుండి మెదడునకును అందజేయును. ఈ వార్తాప్రసారము వేరు, నొప్పి యను అనుభవము వేరు. వార్త వెన్నుపాము కడనే బలపడవచ్చుననియు, సన్నగిలవచ్చుననియు, ఆ హెచ్చుతగ్గులను పైనుండి మెదడు సయితము శాసించుననియు 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు తమ ద్వారనియంత్రణ సిద్ధాంతమున ప్రతిపాదించిరి. అందలి వివరములు కొన్ని తరువాత సవరింపబడినను, ముఖ్యమైన భావము నిలిచినది. నొప్పిని అధ్యయనము చేయు అంతర్జాతీయ సంఘము 1979లో ప్రకటించిన తన నిర్వచనమును 2020లో సవరించినప్పుడు, మనుష్యులు నొప్పి యను భావనను తమ జీవితానుభవముల ద్వారా నేర్చుకొందురని దానికి ఒక వివరణవాక్యమును జోడించెను. ఆ నేర్చుకొనుటలో ఎంత భాగము ఎరుకతో జరుగుచున్నది, ఎంత భాగము ఎరుకకు అందక జరుగుచున్నది? పసివాడు విభక్తుల పేరైనను వినకయే తప్పులేక తల్లిభాష మాటాడునట్లు, దేహము కూడ తాను నేర్చిన సూత్రమును తానే యెరుగక వర్తించునా?

1985 మొదలుకొని ఆస్ట్రేలియా దేశమున వుడూరిస్, పెక్, కోల్మన్ అను మువ్వురు కావించిన ప్రయోగములతో ఈ చర్చకు కుదురైన రూపమేర్పడినది. వారు ప్రయోగమునకు వచ్చినవారి ముంజేతికి ఒక లేపనమును పూసి, అది నొప్పిని హరించు మందని చెప్పిరి. నిజమునకు అందులో మందేమియు లేదు. పిమ్మట నొప్పి కలిగించు విద్యుత్తును వారికి తెలియకుండ తగ్గించి, లేపనమే పని చేసినట్లు తోపజేసిరి. ఇట్లు అనుభవమున ఒకమారు నాటుకొన్న పిమ్మట, విద్యుత్తును మరల పూర్వపు మోతాదునకు హెచ్చించినను, లేపనము పూసినచోట వారికి నొప్పి తక్కువగనే తోచెను. కేవలము మాటతో నమ్మించిన దానికంటె, అనుభవముతో నేర్పినది బలవత్తరమై యుండెను. కనుక ఇది పావ్లోవ్ చూపిన నిబంధనమే, అనగా జతపడిన అనుభవము వలన కలుగు అభ్యాసమేనని వారు తేల్చిరి.

ఆ తీర్పు చిరకాలము ఎదురులేక నిలువలేదు. 1997లో గై మాంట్‌గోమరీ, ఇర్వింగ్ కిర్ష్ అనువారు అదే పద్ధతిని అనుసరించుచు, కొందరికి మాత్రము, నొప్పి తగ్గుటకు కారణము లేపనము కాదనియు, మేమే విద్యుత్తును తగ్గించుచున్నామనియు ముందే చెప్పివేసిరి. అట్లు చెప్పబడినవారియందు లేపనమహిమ యేమియు మిగులలేదు. ఎరుక లేని అభ్యాసమే పని చేయుచుండినచో, నిజము తెలిసినంత మాత్రమున అది ఏల నశింపవలెను? 2003లో ఇటలీ దేశపు టురిన్ నగరమున ఫాబ్రిజియో బెనెడెట్టి బృందము చేసిన పరిశోధన ఈ ప్రశ్నను మరింత పదునెక్కించినది. సుమాట్రిప్టాన్ అను మందు రక్తములో వృద్ధి హార్మోనును పెంచి కార్టిసాలును తగ్గించును. కొన్ని దినములు ఆ మందునిచ్చి, పిదప మందు లేని ద్రవమును సూదితో ఎక్కించి, దీనివలన ఫలితము విపరీతముగ నుండునని చెప్పినను, హార్మోనులు ఆ మాటను లక్ష్యపెట్టక నేర్చిన త్రోవనే నడచినవి; నొప్పి మాత్రము మాటకు లొంగినది. హార్మోనులకు చెవులు లేవు, నొప్పికి కలవు అని అప్పటికి అనేకులు నిశ్చయించుకొనిరి.

ఆ నిశ్చయమును కదిల్చినది 2012లో కారిన్ జెన్సెన్, టెడ్ కాప్చుక్ మున్నగువారు అమెరికాయందు బోస్టన్‌లో జరిపిన పరీక్ష. దాని కూర్పు మిక్కిలి సునిశితమైనది గనుక కొంత విపులముగ చెప్పుట యుక్తము. నలువదిమంది ఆరోగ్యవంతులైన యువతీయువకులను ఎన్నుకొని, రెండు జట్లుగ విభజించి, వారి చేతిపై వేడి కలిగించు చిన్న పరికరమును అమర్చి, ఎదుటి తెరపై ఇరువురు పురుషుల ముఖచిత్రములను మార్చి మార్చి చూపుచు, ఒక ముఖము కనబడినప్పుడు వేడిని తక్కువగను, రెండవది కనబడినప్పుడు ఎక్కువగను తగిలించుచు వచ్చిరి. నేర్పవలసినది నేర్పిన పిమ్మట, మొదటి జట్టునకు ఏ ముఖమును చూపినను ఒకే మధ్యస్థమైన వేడినిచ్చి, కలిగిన నొప్పిని సున్న నుండి నూరు వరకు గల కొలతపై చెప్పుమనిరి. వేడి ఒకటే, కాని తక్కువ వేడితో జతపడిన ముఖము కనబడినప్పుడు సగటున 19, ఎక్కువ వేడితో జతపడిన ముఖము కనబడినప్పుడు 53 అని వారు తెలిపిరి. ఇంతవరకు ఆశ్చర్యపడవలసినది లేదు. చూచినవాడు ఊహించెను, ఊహించినవాడు అనుభవించెను అని కిర్ష్ పక్షమువారు సులభముగ సమాధానము చెప్పగలరు.

పరీక్ష యొక్క రెండవ అంకము వేరు. రెండవ జట్టునకు ముఖములను 12 మిల్లీసెకనుల కాలము మాత్రమే, అనగా ఇంచుమించు సెకనులో ఎనుబదియవ వంతు పాటు, తెరపై మెరపించి, కంటికి అది అందులోపుననే వేరొక చిత్రముతో కప్పివేసిరి. ఏ ముఖము వచ్చినదో, అసలు దేనిని చూచితిమో ఆ చూచినవారు గుర్తింపలేకపోయిరి. అయినను అదే మధ్యస్థమైన వేడికి, తక్కువ వేడి ముఖము మెరసినప్పుడు సగటున 25 అనియు, ఎక్కువ వేడి ముఖము మెరసినప్పుడు 44 అనియు వారు చెప్పిరి. అంతరము తగ్గినది, నిజమే, కాని చెరగలేదు. ఇచ్చట ఊహించుటకు వారి కడ ఆధారమేమియు లేదు, ఎందుకనగా ఊహను పుట్టింపవలసిన చిహ్నమే వారి యెరుకకు చేరలేదు. కన్ను చూచినది, మెదడు గుర్తుపట్టినది, నొప్పి మారినది. తాను అను నతనికి మాత్రము వార్త అందలేదు.

ఇందును ఒక లొసుగు మిగిలినది. అభ్యాసకాలమున ముఖములు స్పష్టముగనే కనబడెను గదా, నేర్చుకొనుట ఎరుకతోనే జరిగి, జ్ఞప్తి మాత్రమే ఎరుక లేక పని చేసినదని వాదింపవచ్చును. జెన్సెన్ బృందము 2015లో ఆ లొసుగును కూడ పూడ్చినది. ఈమారు నేర్పునప్పుడు సయితము చిత్రములను కంటికి గుర్తుపట్టనలవికానంత వేగముతోనే చూపిరి. అట్లు నేర్పినను నొప్పి తగ్గుటయు, హెచ్చుటయు, రెండును కలిగినవి. అదే సంవత్సరమున స్కాట్ షేఫర్, లువానా కొలోకా, టార్ వేగర్ అను మువ్వురు ప్రకటించిన పరిశోధన మాంట్‌గోమరీ, కిర్ష్‌ల ప్రశ్నకు సూటియైన సమాధానము. అభ్యాసము కొద్దిపాటిదైనప్పుడు, లేపనములో మందు లేదని తెలియగానే ఫలము నశించును. అభ్యాసము దీర్ఘమైనప్పుడు, నిజము తెలిసిన పిదపను ఫలము నిలుచును. కావున ఉభయపక్షములవారును తాము చూచినంతవరకు సత్యమునే పలికిరి. పైపైన నేర్చినది మాటతో తొలగును. లోతుగ నేర్చినది మాటకు లొంగదు. నొప్పికి చెవులు కలవు గాని, అది ఎల్లప్పుడును వినదు.

నేర్చిన ఈ ఉపశమనము కేవలము భ్రాంతి యని తలచువారికి ఔషధశాస్త్రము నుండియే జవాబు వచ్చినది. 1978లో కాలిఫోర్నియాలో లెవిన్, గార్డన్, ఫీల్డ్స్ అనువారు, దంతము తీయించుకొన్న రోగులయందు ఉత్తుత్తి మందు వలన కలిగిన ఉపశమనమును నాలాక్సోన్ అను ఔషధము అడ్డగింపగలదని చూపిరి. మార్ఫీనుకు విరుగుడైన నాలాక్సోన్ ఉత్తుత్తి మందును కూడ ఓడించినదనగా, మన మెదడు తనలోనే మార్ఫీనువంటి పదార్థములను విడుదల చేసి నొప్పిని అణచినదని అర్థము. బెనెడెట్టియు మార్టినా అమాంజియోయు 1999లో దీనిని ఇంకను ముందునకు కొనిపోయిరి. చేతికి రక్తప్రసారమును కట్టుతో ఆపినచో క్రమక్రమముగ నొప్పి పుట్టును; ఆ నొప్పికి కొందరికి మార్ఫీనును, కొందరికి కెటోరొలాక్ అను వేరొక తెగ మందును అలవాటు చేసి, పిదప ఇరుతెగలవారికిని మందు లేని ఉప్పునీటినే ఎక్కించిరి. ఇరువురికిని ఉపశమనము కలిగినది. కాని మార్ఫీనుతో నేర్చినవారి ఉపశమనమును నాలాక్సోన్ ఆపగలిగెను, కెటోరొలాక్‌తో నేర్చినవారి ఉపశమనమును ఆపలేకపోయెను. ఈ రెండవ తెగవారియందు గంజాయిలోని సారము పని చేయు గ్రాహకములే సాధనములైనవని 2011లో తేలినది. ఏ మందుతో నేర్చెనో, ఆ మందు త్రోవనే దేహము జ్ఞాపకము నుంచుకొన్నది! తన దేహమున ఇట్టి రెండు త్రోవలున్నవని ఆ మనుష్యున కెవ్వరును చెప్పలేదు. చెప్పినను అతడు తన ఇచ్ఛతో వానిలో ఒకదానిని ఎన్నుకొనజాలడు. ఎరుక లేని అభ్యాసమునకు ఇంతకంటె నిర్మలమైన నిదర్శనమును నేను చూడలేదు.

నేర్పునది ఎల్లప్పుడును మందో, చిత్రమో కానక్కరలేదు. జర్మనీ దేశమున మాన్‌హైమ్‌లో రూపర్ట్ హోల్జల్ బృందము 2005లో ప్రకటించిన ప్రయోగమున, వేడి ఫలకముపై చేయి నుంచినవారు ఆ వేడిని ఎక్కువగా గ్రహించుచున్నట్లు తమ చేష్టలవలన తెలియవచ్చినప్పుడెల్ల, ఫలకపు వేడిని కొద్దిగ తగ్గించుచు వచ్చిరి. ఈ బహుమానము సంగతి వారెరుగరు. కొంతసేపటికి వారి దేహము మునుపటికంటె సున్నితమైనది. నొప్పికి ప్రతిఫలముగ లభించిన చిన్న ఊరటలే నొప్పిని పెంచి పోషించినవి.

దీర్ఘకాలముగ నడుమునొప్పితోనో మెడనొప్పితోనో కృశించువారి స్థితిని దీని వెలుగున చూడవలెను. ఒకనాడు వంగి బరువెత్తినప్పుడు కండరము పట్టినది. గాయము కొన్ని వారములలో మానినది. కాని వంగుట, బరువు, భయము, నొప్పి ఇవన్నియు ఒక ముడిగ మిగిలినవి. వంగకుండుట వలన నొప్పి రాకపోగా, ఆ తప్పించుకొనుటయే బహుమానమై ముడిని మరింత బిగించును. భయము వలన తప్పించుకొనుట, తప్పించుకొనుట వలన అశక్తత, అశక్తత వలన మరల భయము అను ఈ చక్రమును యోహాన్ వ్లాయెన్, స్టీవెన్ లింటన్ అనువారు 2000లో సవివరముగ వర్ణించిరి. 2015లో ఆస్ట్రేలియాలో డానియెల్ హార్వీ, లోరిమర్ మోస్లీ మున్నగువారు, బహుకాలముగ మెడనొప్పి గల 24 మందికి కృత్రిమదృశ్యమును చూపు కళ్ళజోడు తగిలించి, తల త్రిప్పుమనిరి. కంటి యెదుటి దృశ్యము నిజముగ త్రిప్పినదానికంటె ఎక్కువ తిరిగినట్లు చూపినప్పుడు నొప్పి 7 శాతము ముందుగనే పుట్టెను. తక్కువ తిరిగినట్లు చూపినప్పుడు, నొప్పి లేక త్రిప్పగల మేర 6 శాతము పెరిగెను. మెడలోని కీళ్ళు, కండరములు అవియే. కన్ను చెప్పిన మాట మారగా నొప్పి పుట్టు మేర మారినది.

ఇచ్చట ఒక అపార్థమునకు తావీయరాదు. దీర్ఘకాలపు నొప్పులన్నియు అభ్యాసజన్యములే యని ఎవరును నిరూపింపలేదు. వ్రణమును, వాతమును, నరముల జబ్బును వెదకి చికిత్స చేయుట వైద్యుని ప్రథమ కర్తవ్యము. ఇక ఏ దోషమును కానరానప్పుడు, మన వైద్యశాలలలోను ఇండ్లలోను రోగితో తరచుగ పలుకబడు మాటయొకటి కలదు: ఇదంతయు నీ మనస్సులోనిదే, ధైర్యము తెచ్చుకొమ్మని. ఈ మాట క్రూరమైనదే కాదు, శాస్త్రవిరుద్ధమైనది కూడ. నేర్చుకొన్న నొప్పి వెన్నుపాములోను మెదడులోను నిజముగ జరుగు వ్యాపారము; ఉత్తుత్తి లేపనము వలన కలిగిన ఉపశమనము వెన్నుపాములోని ప్రతిక్రియనే తగ్గించుచున్నదని 2009లో జర్మనీలో ఫాల్క్ ఐపెర్ట్ బృందము చిత్రములతో చూపినది. మాటతో నేర్వని దానిని మాటతో మాన్పనెంచుట వ్యర్థము. అనుభవముతో నేర్చినది అనుభవముతోనే కరగవలెను: రోగి తాను భయపడు కదలికను, నమ్మకమైన వైద్యుని యెదుట, కొంచెము కొంచెముగ మరల చేసి, తలచిన కీడు రాలేదని దేహమునకు తెలియజెప్పు చికిత్స ఇందుకొరకే ఏర్పడినది. అది నెమ్మదిగ సాగును, అందరియందును ఒకే తీరున ఫలింపదు. కాని దాని త్రోవ సరియైనది.

ఈ విద్య ఎంత పిన్న వయస్సున ఆరంభమగునో కెనడాలోని టొరాంటో నగరపు పరిశోధకురాలు అన్నా టాడియో బృందము 2002లో తెలిపినది. మధుమేహము గల తల్లులకు పుట్టిన శిశువుల రక్తములో చక్కెరను చూచుటకు, పుట్టిన మొదటి దినముననే వారి మడమను మరల మరల గ్రుచ్చుట అవసరమగును. ఆ శిశువులకు పిదప ఒక రక్తపరీక్షకై చేతి వెనుకనుండి రక్తము తీయబోయి, సూది ఇంకను తాకకమునుపే చర్మమును శుభ్రము చేయుచుండగా, వారి ముఖములు బాధతో ముడుతలు పడినవి. గ్రుచ్చినప్పుడు ఇతర శిశువులకంటె వారు ఎక్కువ బాధను చూపిరి. రెండు దినములైనను నిండని పసికందునకు భాష లేదు, ఊహ లేదు, నమ్మకమను మాటకు అర్థము లేదు. తడిగుడ్డ తాకిన వెంట నొప్పి వచ్చునని ఆ దేహము నేర్చుకొన్నది. అదే పరిశోధకురాలు 1997లో ప్రచురించిన మరొక పరిశీలనలో, పుట్టిన దినములలో సున్తీ జరిగిన మగశిశువులు నాలుగవ నెలలోనో ఆరవ నెలలోనో టీకా వేయించుకొనునప్పుడు ఇతరులకంటె హెచ్చుగ ఏడ్చుటయు, సున్తీ సమయమున మత్తులేపనము పూయబడినవారియందు ఆ హెచ్చు కొంత తగ్గుటయు కనబడినవి. పసివారికి నొప్పి జ్ఞాపకముండదు గదా యని తేలికగ త్రోసివేయుటకు ఇక వీలులేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకాల నొప్పిని తగ్గించుటకై కొన్ని సూచనలను ప్రకటించినది. బిడ్డను పెద్దవారు ఒడిలో పట్టుకొనవలెను. పాలుత్రాగు బిడ్డ యైనచో టీకా వేయునప్పుడో, దానికి కొంచెము ముందుగనో తల్లి చన్నిచ్చుట మేలు. ఒకే సారి అనేక టీకాలు వేయవలసినచో మిక్కిలి నొప్పి కలిగించుదానిని తుదకు వేయవలెను. అసలు నొప్పియే యుండదని బిడ్డతో అబద్ధమాడరాదు. వీనిలో ఏ యొక్కటియు ధనవ్యయముతో కూడినది కాదు. మన ఇండ్లలో మారాము చేయు పిల్లలను, డాక్టరుగారితో సూది వేయింతునని బెదరించు అలవాటు తరతరములుగ వచ్చుచున్నది. ఆ బెదరింపుతో, సూది చర్మమును తాకుటకు ఎంతో ముందే, బిడ్డ దేహమునకు మనము ఒక పాఠమును చెప్పుచున్నాము. తల్లిదండ్రులారా, ఆ అలవాటును ఈనాటితో మానుడు. టీకాకు పోవునాడు బిడ్డను బల్లపై పరుండబెట్టి అదిమి పట్టక, మీ యొడిలోనే కూర్చుండబెట్టుకొనుటకు అనుమతింపుమని వైద్యుని కోరుడు.